తడి ఆరని ముఖం

"పెట్టె ఏది?"

అన్సెల్మ్ ఆ మాట అడగడం ఎన్నోసారో నాకే తెలియదు. బల్ల కింద వెతికాడు. రంగుల బీరువా తీసి, మూసి, మళ్ళీ తీశాడు. మంచం మీది దుప్పట్లు లాగి పారేశాడు. ఆఖరికి కట్టెల బుట్ట కూడా బోర్లించాడు, పెట్టె వెళ్ళి కట్టెల్లో దాక్కుంటుందన్నట్టు. వంటింటి నేలంతా బెరడు ముక్కలు. ఊడ్చేది ఎవరు? నేనే.

జుస్టీనా పొయ్యి దగ్గర కూర్చుని బంగాళాదుంపలు తురుముతోంది. రేపు ఆదివారం. ఇల్లు కూలినా సరే, మా లోయలో ఆదివారం నాడు దుంప ఉండలు ఉడకాల్సిందే. మొగుడు వెనకాల నిలబడి చిందులు తొక్కుతున్నా ఆవిడ తల ఎత్తలేదు.

"జుస్టీనా, నిన్నే. చెవులు పనిచేస్తున్నాయా?"

"పనిచేస్తున్నాయి."

"మరి పెట్టె ఏది?"

"ఏ పెట్టె?"

"ఏ పెట్టె అని నన్నడుగుతావా! ఫ్రీడెల్ పెట్టె!"

నేను కిటికీ దగ్గర కూర్చుని కప్పుల అంచులకి బంగారం మెరుగు పెడుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది. ఆ పేరు ఈ ఇంట్లో గట్టిగా పలికి ఎన్నాళ్ళయిందో. పిల్లని మట్టిలో పెట్టి వచ్చిన దగ్గర్నుంచీ మా తమ్ముడూ మరదలూ దాని సమాధి కోసం పింగాణీ మీద వేస్తున్న బొమ్మని 'పలక' అంటున్నారు, 'ఆ పని' అంటున్నారు, పేరు మాత్రం ఎత్తడం లేదు. నేను కూడా ఎత్తలేదు. మొగుడు పోయాక ఈ ఇంట్లో ఒక మూల నాకిచ్చారు. వాళ్ళు నోరు కట్టుకుంటే నేను విప్పుతానా?

జుస్టీనా తురుముపీట పక్కన పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుంది.

"బల్తసార్‌కి ఇచ్చేశాను. తెల్లారగానే తీసుకెళ్ళి ఇచ్చాను. బట్టీలో పెట్టేశారు, గుమ్మానికి మట్టి మెత్తేశారు, నిప్పు కూడా వేసేశారు. ఇప్పుడు నువ్వు గొంతు చించుకున్నా లాభం లేదు."

ఇంక పిడుగు పడుతుందనే అనుకున్నాను. కప్పుల బుట్ట నా కాళ్ళ దగ్గరికి లాక్కున్నాను కూడా. మా తమ్ముడికి కోపం వస్తే చేతికందింది గోడకి తగులుతుంది. కానీ అన్సెల్మ్ అరవలేదు.

"మూత తీశావా?" అన్నాడు.

"ఏమిటీ?"

"ఇచ్చే ముందు మూత తీసి చూశావా అని."

జుస్టీనాకి ఒళ్ళు మండింది. "నన్నేమనుకుంటున్నావు? మా నాన్న ఈ పనిలోనే పోయాడు, మా తాత ఈ పనిలోనే పోయాడు. నిప్పు చూడని పలకకి మూత బట్టీ దగ్గర తప్ప ఇంకెక్కడన్నా తీస్తారా? ఈ వీధిలో ఏ చంటిపిల్లని అడిగినా చెబుతుంది."

చంటిపిల్ల అనేసి నాలిక కరుచుకుంది.

ఆవిడ అన్నది నిజమే. మా ఇళ్ళల్లో పిల్లలకి మాటలతో పాటే అది కూడా వస్తుంది. రంగు తడిగా ఉన్నప్పుడు ఎక్కడి దుమ్మూ వచ్చి దాని మీదే వాలుతుంది. అలాగే నిప్పులో పెడితే ఒక్కో నలుసూ ఒక్కో నల్ల చుక్కై కూర్చుంటుంది, ఇక గోకినా పోదు. అందుకే కాల్చాల్సిన సరుకుని గోడలకి తగలకుండా పెట్టెలో నిలబెట్టి, మూత వేసి, ఊపిరి బిగబట్టి మోసుకెళ్తాం. మూత తీసేది బట్టీ మేస్త్రి ఒక్కడే.

"తీయలేదు కదా?" అన్నాడు మళ్ళీ.

"తీయలేదని చెప్పానా లేదా?"

అన్సెల్మ్ మెల్లగా ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. వీణ్ణి ఉయ్యాల్లో ఊపిందాన్ని, నాకు తెలియదా వీడి సంగతి! అరిచినప్పుడు వీడి తప్పేమీ ఉండదు. నోరు మూసుకున్నప్పుడే భయపడాలి.

"నన్ను అడక్కుండా ఎందుకిచ్చావు?" అన్నాడు చివరికి.

"అడిగితే ఇచ్చేవాడివా?"

"పని పూర్తి కాలేదు."

"ఎప్పుడవుతుంది? చెప్పు, ఎప్పుడవుతుంది నీ పని? కోతలప్పుడు పోయింది పిల్ల. ఇప్పుడు మంచు పడుతోంది. రోజూ పొద్దున లేస్తావు, గుడ్డ తీసుకుంటావు, దాని నోరు తుడిచేస్తావు. మధ్యాహ్నానికి ఇంకో నోరు వేస్తావు. దీపాలు పెట్టే వేళకి అదీ నచ్చదు. కళ్ళు తుడుస్తావు. ముక్కు తుడుస్తావు. నేను వంట చేసుకుంటూ ఇదంతా చూస్తూ ఉండాలి! ఒకసారి చచ్చిపోతే చాల్లేదా దానికి? రోజూ చంపాలా?"

"జుస్టీనా!" అన్నాను.

"నువ్వుండు వదినా. నువ్వు మీ తమ్ముడి వైపే మాట్లాడతావు."

నేనెప్పుడు వాడి వైపు మాట్లాడానో దేవుడికే తెలియాలి. అయినా ఊరుకున్నాను. ఆవిడ కడుపు కాలుతోంది.

"మామూలు నూనెలో రంగు కలిపితే రాత్రికి ఆరుతుంది," అంది జుస్టీనా వాడితోనే. "నువ్వు లవంగ నూనె పోశావు, ఆరకుండా ఉండాలని. ఎన్నిసార్లయినా తుడుచుకోవచ్చని. నాకు తెలియదనుకున్నావా? ఇల్లంతా ఆ వాసనే. పండక్కి రొట్టెలు చేసే ఇల్లు అనుకుని అడుగుతోంది పక్కింటావిడ, అప్పుడే క్రిస్మస్ పని మొదలెట్టారా అని. ఏం చెప్పాలి ఆవిడకి?"

"ముఖం తేలిక కాదు."

"ముఖమే! రోజా పువ్వు కాదు అది. రేకు వంకర పోయిందని తుడిచి ఇంకో రేకు వేసుకోవడానికి!"

ఆ మాట వాడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా తమ్ముడు రోజాలు వేసేవాడు. గడ్డం రాక ముందు నుంచీ రోజాలే. కొండ మీది కార్ఖానాలో ఎవరి పని వాళ్ళది. పిట్టలు వేసేవాడు పిట్టలే వేస్తాడు, చెట్లూ కొండలూ వేసేవాడు అవే వేస్తాడు, మనుషుల్ని వేసే ఫోల్క్‌మార్ మనుషుల్నే వేస్తాడు. పూల బల్ల మీద కూర్చున్నవాడు ముఖం జోలికి పోడు. మా అన్సెల్మ్ రోజా వేస్తే దాని మీద మంచు బొట్టుని తుడవబోతారు జనం. కానీ మనిషి చెవి వెయ్యమంటే వాడికి చేత కాదు.

"ఫోల్క్‌మార్‌ని అడుగుదామన్నాను," అంది జుస్టీనా. "కాళ్ళు పట్టుకుని చెప్పాను. వీధికి అవతలే ఉన్నాడు. పిల్ల రోజూ వాళ్ళ గుమ్మం ముందే ఆడేది. వేసి పెడతానని తనే వచ్చాడు పాపం, టోపీ చేత్తో పట్టుకుని. తలుపు వేశావు వాడి మొహం మీద."

"ఫోల్క్‌మార్! వాడికి వచ్చింది ఒక్క ముఖం. గొర్రెలు కాసే పిల్లకీ అదే, దేవదూతకీ అదే, యువరాణికీ అదే. ఇంత నోరు, రెండు గాజు గోళీలు, బుగ్గ మీద ఎర్ర చుక్క. నా కూతుర్ని తీసుకెళ్ళి వాడి గొర్రెల మందలో కలపమంటావా?"

"కనీసం ఏదో ఒక ముఖం ఉండేది."

అన్సెల్మ్ పెదాలు తెల్లబడ్డాయి. అది నేను చూశాను, ఆవిడ చూడలేదు.

"ఫొటో తీయిద్దామన్నాను," ఆవిడ ఆపడం లేదు. నెలల తరబడి మింగినవన్నీ ఇవాళ పైకి వస్తున్నాయి. "వేసవి జాతరకి ఫొటోలాయన వచ్చాడా లేదా? నల్ల గుడ్డా, పెట్టే పెట్టుకుని చర్చి ముందు నిలబడ్డాడా లేదా? రొట్టెల కొట్టువాళ్ళ పిల్లలందరూ తీయించుకున్నారు. ఫ్రీడెల్ నా గౌను పట్టుకుని పీకింది, అమ్మా నేనూ అని. నువ్వేమన్నావు? చెప్పు, మీ అక్క ముందు చెప్పు, ఏమన్నావు?"

ఏమన్నాడో నాకు తెలుసు. నేనూ పక్కనే ఉన్నాను. పింగాణీ మీద బొమ్మలు వేసేవాడి ఇంట్లో ఫొటోనా, రేపు కార్ఖానాలో తలెత్తుకుని తిరగగలనా అన్నాడు. చలికాలం రానీ, పని తగ్గుతుంది, నా చిట్టితల్లిని నేనే వేస్తాను అన్నాడు. పిల్లని భుజాల మీద ఎక్కించుకుని అల్లం రొట్టె కొనిపెట్టాడు. అందరం నవ్వాం. ఈ లోయలో పింగాణీ ఇళ్ళన్నిట్లోనూ అదే మాట. అందుకే రొట్టెల కొట్టువాడి పిల్లల ముఖాలు గోడ మీద ఉన్నాయి, మా పిల్లల ముఖాలు లేవు.

తర్వాత దానికి గొంతు జబ్బు వచ్చింది. చలికాలం దాకా ఆగలేదు పిల్ల.

"రేపు కాక వచ్చే ఆదివారం చనిపోయినవాళ్ళ ఆదివారం," అంది జుస్టీనా. గొంతు తగ్గింది. "ఊరంతా దేవదారు కొమ్మలు పట్టుకుని సమాధుల దగ్గరికి వస్తుంది. దాని శిలువకి నడిమధ్య పలక బిగించడానికి గుంట తొలిపించావు. ఆ గుంట అలాగే ఉంది. మొన్న చూస్తే దాంట్లో వాన నీళ్ళు నిలిచాయి. నా గౌను అంచుతో తుడిచి వచ్చాను. ఆ రోజు అందరి ముందూ ఆ గుంట పెట్టుకుని నిలబడలేను అన్సెల్మ్. సరిగ్గా వచ్చినా రాకపోయినా నాకు అక్కర్లేదు. ముక్కు వంకరైతే వంకరే. నిప్పులో కాలితే ఇంక నువ్వు తుడవలేవు. అందుకిచ్చాను. తప్పయితే తప్పే."

ఆవిడ మళ్ళీ తురుముపీట చేతిలోకి తీసుకుంది. కానీ తురమలేదు.

అన్సెల్మ్ లేచాడు. మేకుకున్న కోటు అందుకోబోయాడు.

"ఎక్కడికి?"

"బట్టీ తెరిపిస్తాను."

జుస్టీనా ఒక్క గంతులో వెళ్ళి ఆ కోటు లాక్కుని గుండెలకి అదుముకుంది. "పిచ్చి పట్టిందా? ఎర్రగా కాలుతున్న బట్టీ తెరుస్తావా? చల్ల గాలి తగిలితే లోపల ఒక్కటి మిగలదు! మనదొక్కటే కాదు, వీధి వీధంతా పెట్టిన సరుకు. అన్నీ పగులుతాయి."

"పగలనీ."

నేను నా చెవుల్ని నమ్మలేదు. పింగాణీ ఇంట్లో పుట్టినవాడు నోటితో పగలనీ అనడం నేనెప్పుడూ వినలేదు. కప్పు చెయ్యి జారితే మా వాళ్ళు బిడ్డ పడ్డట్టు కేక వేస్తారు.

"ఒరేయ్, ఏమంటున్నావురా?" అన్నాను. "పగలనీ అంటే? పిల్ల పలక కూడా అందులోనే ఉంది."

"ఉంటే ఉండనీ అక్కా."

"ఏం దాస్తున్నావు?"

"ఏమీ లేదు."

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

వాడు చూడలేదు. సరిగ్గా అప్పుడే తలుపు తట్టిన చప్పుడైంది.

బల్తసార్ వచ్చాడు. బట్టీ మేస్త్రి. మాకు చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాం. కనుబొమలు ఎప్పుడో నిప్పుకి ఇచ్చేశాడు, అందుకని ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాడు. చంకలో ఖాళీ పెట్టె. సరుకు లోపలికి ఎక్కించాక ఎవరి పెట్టె వాళ్ళకి తిరిగి ఇచ్చి పోవడం ఆయనకి అలవాటు. ఇచ్చిన చోటల్లా ఒక గిన్నెడు కాఫీ తాగడం కూడా అలవాటే.

"మంచు బాగా పట్టిందర్రా," అంటూ బూట్లు దులుపుకుని నా వైపు తిరిగాడు. "హెడ్విగ్, కాఫీ ఏమన్నా ఉందా తల్లీ? చికోరీ అయినా పరవాలేదు. ఇదిగోనమ్మా జుస్టీనా, నీ పెట్టె. భద్రంగా పెట్టాను పలకని. పైవరసలో, గోడకి దూరంగా. మన పిల్లది కదా, వేరే వాళ్ళ సరుకుతో ఆనుకోకుండా చూశాను."

"నీ రుణం తీర్చుకోలేం బాబాయ్," అంది జుస్టీనా. ఆ కాస్త మాటకే ఆవిడ కళ్ళు నిండాయి.

"నాదేముంది! పనంతా వీడిది." అన్సెల్మ్ వీపు మీద చరిచాడు. "రోజాలు తప్ప ఏమీ రాదనుకున్నాను రా నీకు. ఏం వేశావయ్యా ఆ జుట్టు! ఒక్కో వెంట్రుకా దువ్వినట్టుంది. ఆ లేసు కాలరు, ఆ రిబ్బను! మూత తీయగానే, వెనక నుంచి చూస్తే అచ్చం అదే అనుకున్నాను."

"బాబాయ్, కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు అన్సెల్మ్ గబగబా. "అక్కా, కాఫీ ఇవ్వు ఆయనకి."

"ఇస్తుందిలే, తొందరేం? తెలివైన పని చేశావు, అది చెబుదామనే వచ్చాను. జుట్టూ బట్టలూ మొదటి నిప్పుకి ఇచ్చి, ముఖం రెండో నిప్పుకి ఉంచుకోవడం. చాలామంది అంతా ఒకేసారి పెట్టేస్తారు, ఇంత వేడిలో బుగ్గల ఎరుపు ఎగిరిపోతుంది, శవంలా వస్తుంది. రెండోసారికి నేను సన్న సెగే పెడతాను, నువ్వు దిగులు పడకు."

పొయ్యి మీద నీళ్ళు సలసలమంటున్నాయి.

"ముఖం రెండో నిప్పుకా?" అంది జుస్టీనా.

"అవునమ్మా. వీడు ఆ చోటంతా తెల్లగా వదిలేశాడు కదా. చిన్న మరక కూడా లేకుండా శుభ్రంగా తుడిచి..."

బల్తసార్ ఆవిడ మొహం చూశాడు. తర్వాత అన్సెల్మ్ మొహం చూశాడు. ఆయన చెయ్యి దానంతటదే టోపీ దగ్గరికి పోయింది.

"నేను... నీకు తెలుసనుకున్నానమ్మా," అన్నాడు. "పలక తెచ్చింది నువ్వే కదా అని..."

ఆయన పెట్టె బల్ల మీద పెట్టాడు.

"బట్టీ దగ్గర ఎవరూ లేరు," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు పాపం. కాఫీ గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది.

జుస్టీనా ఇంకా కోటుని అలాగే పట్టుకుని ఉంది. అరుస్తుందని ఎదురు చూశాను. అరిస్తే బాగుండుననిపించింది.

"ఎప్పుడు తుడిచావు?" అంది.

"నిన్న."

"మొత్తం?"

"మొత్తం."

"నేను తెల్లవారుజామున లేచి, నీకు మెలకువ వస్తుందేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను," అంది. "శాలువ తీసి పెట్టె మీద కప్పాను. నాకు చలేసింది గానీ దానికి కప్పాను. దారంతా దాంతో మాట్లాడాను అన్సెల్మ్. జారుడుగా ఉంది, భయపడకు, అమ్మ పట్టుకుంది అని చెప్పాను. బట్టీ దగ్గర వేడిగా ఉంటుంది, కాసేపు ఓర్చుకో అని చెప్పాను. మూత మీద ముద్దు పెట్టుకుని ఇచ్చాను."

"జుస్టీనా..."

"ఎవరితో మాట్లాడాను నేను? చెప్పు. ఎవరికి ముద్దు పెట్టాను? ఒక రిబ్బనుకా?"

నేను ఇంక ఆగలేకపోయాను. ఏడుపొచ్చేసింది. నాకు ఏడుపొస్తే కోపం కూడా వస్తుంది. కాఫీ గిన్నె బల్ల మీద ఠపీమని పెట్టి తమ్ముడి మీద పడ్డాను.

"తుడిచినవాడివి మళ్ళీ వెయ్యొద్దట్రా? నిన్నంతా ఏం చేశావు? ఇంత ముఖం వేసి పెట్టలేకపోయావా? నచ్చకపోతే ఏం, వేసి ఉంచొచ్చుగా!"

"కూర్చున్నాను అక్కా. కుంచె పట్టుకునే కూర్చున్నాను. పొద్దు గుంకేదాకా."

"మరి?"

"రాలేదు."

"రాకపోవడమేమిట్రా? కన్న కూతురు!"

వాడు రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "మొదట్లో కళ్ళు మూసుకుంటే చాలు, కనిపించేది. నవ్వుతూ కనిపించేది. వేసేవాణ్ణి. వేశాక చూస్తే అది కాదు. తుడిచేవాణ్ణి. మళ్ళీ కళ్ళు మూసుకుంటే కాస్త ఆలస్యంగా వచ్చేది. అలా అలా, నేను వేసిన ముఖమే కనిపించడం మొదలెట్టింది, అది కాదు. వేసింది తప్పని తెలుస్తూనే ఉంది. ఎక్కడ తప్పో తెలియడం లేదు. నిన్న కోపం వచ్చి మొత్తం తుడిచేశాను, ఈ తప్పుడు ముఖం పోతే అసలుది వస్తుందేమోనని." వాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. "ఏదీ రాలేదు. తెల్లగా ఉంది. లోపల కూడా తెల్లగానే ఉంది."

మగవాడు ఏడిస్తే చూడలేను. అందులో వీణ్ణి ఎత్తుకుని తిప్పిందాన్ని.

జుస్టీనా కోటు తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. మడత సరిచేసింది. బల్ల మీది దుంపల గిన్నె తీసేసి, చెక్క తుడిచింది. బీరువా లోంచి తెల్ల పళ్ళెం ఒకటి తెచ్చి మొగుడి ముందు పెట్టింది. కుంచెలు పెట్టింది. రంగులు కలిపే గాజు పలక పెట్టింది. లవంగ నూనె సీసా తీసుకుంటే ఏం చేస్తుందోనని భయపడ్డాను. దాన్ని కూడా పక్కనే పెట్టింది.

"సరే," అంది. "జుట్టూ కాలరూ కాలి వస్తాయి. సోమవారం తెరుస్తారు. ఆ లోపు నువ్వు ఈ పళ్ళెం మీద నేర్చుకో. నేను చెబుతాను, నువ్వు వెయ్యి. నేను కన్నదాన్ని. నాకు అన్నీ గుర్తున్నాయి."

"జుస్టీనా, నావల్ల..."

"నోరు మూసుకుని కుంచె పట్టుకో."

పట్టుకున్నాడు. ఆవిడ బల్లకి అవతల కూర్చుంది. నేను కూడా దగ్గరికి జరిగాను.

"నుదురు నాది. వెడల్పు. వెంట్రుకలు మొదలయ్యే చోట చిన్న సుడి. కనుబొమలు సన్నగా, మధ్యలో కలవవు."

వాడు గీశాడు.

"కళ్ళు నీవే."

"నావి ఎలా ఉంటాయి?"

ఆవిడ ముందుకి వంగి మొగుడి కళ్ళల్లోకి చూసింది. పిల్ల పోయాక ఈ ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం అదే మొదలు. "బూడిద రంగు," అంది. "అంచుల దగ్గర కాస్త ఆకుపచ్చ. రెప్పలు బయటి వైపుకి కొద్దిగా దిగి ఉంటాయి, నిద్ర లేచినట్టు."

"అవును," అన్నాడు. "అవును, నిద్ర లేచినట్టే." గబగబా వేశాడు. నేను మెడ చాచి చూశాను. దేవుడా, ఆ పళ్ళెంలోంచి ఏదో మా వైపు చూసింది! ఫ్రీడెల్ అని అనను, కానీ ఫ్రీడెల్‌కి చుట్టం.

"ముక్కు?"

"చివర గుండ్రం. వదినలాగా."

"నాలాగానా?" అన్నాను. నాకు తెలియనే తెలియదు. ఆ మాటకి ముగ్గురం నవ్వినంత పని చేశాం.

"నోరు," అన్నాడు అన్సెల్మ్. ఊపిరి బిగబట్టాడు. "నోటి దగ్గరే పోతోంది నాకు."

"మూసిన నోరు వేస్తున్నావు, అందుకే పోతోంది. అది నోరు మూసింది ఎప్పుడు? నవ్వుతున్నట్టు వెయ్యి. పై వరసలో పన్ను ఊడిన సందు ఉంటుంది."

"ఊడిన చోట కొత్తది వచ్చేసింది కదే," అన్నాను. "కోతలకి ముందే వచ్చింది."

"రాలేదు వదినా."

"వచ్చింది. పియర్ పండు కొరికి నాకు పంటి గాటు చూపించింది."

"రాలేదంటున్నానా! జబ్బులో మందు పోసింది నేను. ఆ సందులోంచే చెంచా పెట్టి పోశాను. ఇదిగో, ఇక్కడ." తన నోరు తెరిచి వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ, ఈ పక్క..."

వేలు ఎడమ పక్క పంటి మీద ఉంది. అక్కణ్ణుంచి మెల్లగా జరిగింది. మధ్యకి వచ్చింది. కుడి పక్కకి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నాకు ఎదురుగా పడుకుంది," అంది తనలో తను. "నేను ఈ చేత్తో చెంచా పట్టుకున్నాను... ఈ చేత్తో తల ఎత్తాను..." గాల్లో చేతులు పెట్టి చూసుకుంది. లేని తలని ఎత్తింది. లేని చెంచా పట్టింది. చేతులు మార్చింది. మళ్ళీ పట్టింది.

"ఏ పక్క?" అన్నాడు అన్సెల్మ్. కుంచె పళ్ళేనికి పైన ఆగి ఉంది. "చెప్పు, ఏ పక్క?"

"వదినా, ఏ పక్క?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నాకు పంటి గాటు గుర్తుంది, పండు గుర్తుంది, ఆ నోరు గుర్తు రావడం లేదు. ఏదో ఒక పక్క చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూస్తున్న చూపుకి అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"తెలియదే తల్లీ," అన్నాను.

జుస్టీనా మొహంలో రక్తం లేదు. తర్వాత లేచి శాలువ కప్పుకుంది. వెనక వసారాలోకి వెళ్ళి, తోటలో మట్టి తవ్వే పార తీసుకుని వచ్చింది.

"ఎక్కడికే?" అన్నాను.

"పళ్ళు మట్టిలో పాడవవు కదా వదినా?" అని అడిగింది, మామూలుగా. "ఒక్కసారి చూసి వచ్చేస్తాను."

నేను పరుగెత్తి తలుపుకి అడ్డం నిలబడ్డాను. చేతులు రెండూ బారచాపి, చచ్చినా కదలను అన్నాను. ఆవిడ నన్ను ముట్టుకోలేదు.

నా భుజాలు పట్టుకుని పక్కకి తప్పించింది మా తమ్ముడు. కోటు వేసుకుని ఉన్నాడు.